బంతి, బయలు, బడిపంతులు

విజయవాడ నుండి బందరు పోవు రహదారిపై కంకిపాడు కలదు. ఒకప్పుడు పట్టణపు సందడి దాటి, వరిచేల గాలి మొగమునకు తగిలిన తరువాత వచ్చెడి ఊరు అది. నేడు విజయవాడయే ఇండ్లను వెంటబెట్టుకొని దాని చెంతకు నడచి వచ్చుచున్నది. ఈ ప్రాంతపు పల్లెలలో సాయంకాలము బడి గంట మ్రోగిన పిమ్మట కూత విడువక చెడుగుడు ఆడు బాలురును, రెండు గుంజలు పాతి వాలీబాలు వల కట్టు యువకులును చిరకాలముగా పరిచితులే. ఇటీవల క్రికెట్టు బ్యాటు చేతబట్టని పిల్లవాడు కానరాడు. కాని పదునొకండుగురు ఒక వైపున, పదునొకండుగురు మరియొక వైపున నిలిచి ఫుట్‌బాలు ఆడుట మాత్రము కృష్ణా డెల్టాలో అరుదైన దృశ్యము. ప్రపంచమున ఇంచుమించు అన్ని దేశములవారును ఆడు ఆట ఇది. బంతి ఒకటి దొరికిన చాలును, మరి యే పరికరమునకును కాచుకొననక్కరలేదు. అట్టి ఆట ఈ సస్యసంపన్నమైన సీమలో వేరు పట్టకపోవుటకు కారణమేమి?

ఈ ప్రశ్నకు సమాధానము ఆటల పుస్తకములలో కంటె పొలముల కొలతలలో స్పష్టముగా దొరకును. పెద్దవా రాడు ఫుట్‌బాలు మైదానము పొడవు సాధారణముగా 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. వైశాల్యము 7,140 చదరపు మీటర్లు. డెల్టా రైతునకు తెలిసిన లెక్కలో చెప్పవలెనన్న 1 ఎకరము 76 సెంట్లు. చెడుగుడు బరికి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలును; అది మూడు సెంట్ల పైచిలుకు. వాలీబాలు బరికి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. అది నాలుగు సెంట్లు. ఏ రామాలయము ముందరనో, ఏ కళ్లము మూలనో నాలుగు సెంట్ల నేల దొరకని పల్లె యుండదు. ఎకరము డెబ్బదియారు సెంట్ల బయలు దొరకు పల్లెలు ఎన్ని?

అందునను ఇది కృష్ణమ్మ పారు నేల. 1855లో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసినది. కాలువలకు నీరు వదలిన నాటి నుండి చేలలో వరి నిలుచును. వరి కోతకు వచ్చులోపలనే అందులో మినుము చల్లుదురు. మినుము ఇల్లు చేరునప్పటికి ఎండలు ముదురును. నల్లరేగడి నేల నెఱ్ఱెలు విచ్చును. పాదము దిగునంతటి నెఱ్ఱెలపై పరుగెత్తుట ఎట్లు? రెండు పంటలు పండు భూమిలో ఎకరము ముక్కను ఒక తోలుబంతి కొరకు ఏడాది పొడవునను ఖాళీగా విడువుమని ఏ రైతును అడుగగలము? కనుక ఇచ్చటి బాలుర కాళ్లలో చురుకు లేకపోవుట కారణము కాదు. ఆ కాళ్లకు చాలినంత బయలు లేదు.

ఈ సంగతిని మఱింత తేటపఱచుటకు, తెలుగుదేశమున ఫుట్‌బాలు వేరూని, మానుగా పెరిగి, మరల వాడిన ఒక నగరపు చరిత్రను పరికింపవలసియున్నది. అది హైదరాబాదు. ఆ చరిత్రలో ప్రధాన పాత్రధారి సేనాపతి కాడు, సంపన్నుడు కాడు. ఒక బడిపంతులు.

హైదరాబాదు, సికింద్రాబాదులలో బయళ్లకు కొఱత లేకుండెను. 1806లో ఆ పేరు పొందిన సికింద్రాబాదు ఆంగ్ల సైనికుల విడిది. సైన్యము కవాతు చేయుటకు విశాలమైన మైదానము లుండెడివి. ఉదయము కవాతు జరిగిన చోటనే సాయంకాలము సైనికులు ఫుట్‌బా లాడుచుండిరి. ప్రక్క బస్తీల పిల్లలు గీత వెలుపల నిలుచుండి చూచి, అవతల పడిన బంతిని అందించి, క్రమముగా తామును ఆడ నేర్చిరి. హైదరాబాదు నడిబొడ్డున ఫతే మైదానము కలదు. అదియే 1967లో లాల్ బహదూర్ స్టేడియమను పేరు దాల్చినది. బయలున్న చోట ఆట పుట్టినది. ఆట పుట్టిన చోట సంఘములు పుట్టినవి.

ఆ సంఘము లన్నియు జీతమునకు గాక ప్రీతికి ఆడువారివి. పగలు ఉద్యోగమో, చదువో, చిన్న వ్యాపారమో చేసికొని సాయంకాలము మైదానము చేరెడివారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులును, పూర్వవిద్యార్థులును కలిసి ఆడిన ఎలెవెన్ హంటర్స్, స్థానిక లీగులో పేరెన్నికగన్న కమర్ క్లబ్బు, సికింద్రాబాదు బాలుర కాశ్రయమైన రైడర్స్ క్లబ్బు అట్టివి. పోలీసు శాఖలోని ఉద్యోగులతో కూడిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు వీని నడుమ పెరిగినదే. 1943లో బెంగుళూరున జరిగిన యాష్ గోల్డ్ కప్పు తుది పోటీలో ఆ జట్టు ఆంగ్ల వైమానిక దళమును ఓడించెను. ఆ దళమున ఆడినవారిలో ఇంగ్లండు క్రికెట్టు వీరుడును, ఆర్సెనల్ క్లబ్బు ఫుట్‌బాలు క్రీడాకారుడును అయిన డెనిస్ కాంప్టన్ ఒకడు. నిన్నటివరకు గీత వెలుపల నిలిచి చూచినవారు నేడు గీత లోపల నిలిచి గెలిచిరి.

ఆ 1943వ సంవత్సరముననే హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు సయ్యద్ అబ్దుల్ రహీం కార్యదర్శి యయ్యెను. ఆయన 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియాలో పట్టము పుచ్చుకొని ఉపాధ్యాయ వృత్తి చేపట్టెను. కాచిగూడ మధ్యమ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల పాఠములు చెప్పెను. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది బడిలో ఆటల బాధ్యతయు వహించెను. స్వయముగా ఎలెవెన్ హంటర్స్, కమర్ క్లబ్బుల పక్షమున ఆడినవాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, మరణపర్యంతము ఆ బాధ్యతను విడువలేదు.

రహీం మైదానమునకు వచ్చినను బడిపంతులుగనే యుండెను. ఆయన బోధనలో ఒక క్రమ ముండెను. కుడికాలితో మాత్రమే తన్నగల బాలుని చేత ఎడమకాలితోనే బంతిని తన్నించెడివాడు. ఎక్కములలో ఏడవ ఎక్కము రాని పిల్లవానిచే ఆ ఎక్కమునే పదే పదే చెప్పించు ఉపాధ్యాయుని పద్ధతి యిది. వచ్చినదానిని వల్లించుట సుఖము. రానిదానిని సాధించుట చదువు.

మరియొకటి. మన దేశపు ఆటగానికి ఆనాడు బంతి చిక్కినచో దానిని ఒంటరిగా నడిపించుకొని పోవుటయందు మక్కువ యెక్కువ. ఇద్దరిని తప్పించి, మూడవవానిని తప్పింపబోయి, నాలుగవవాని కాళ్లలో బంతిని పోగొట్టుకొనును. చూచువారు చప్పట్లు కొట్టుదురు, జట్టు ఓడిపోవును. ఈ లోపమును మాన్పుటకు రహీం పిల్లలకు ప్రత్యేకమైన పోటీలు పెట్టెను. వానిలో బంతిని నడిపించుకొని పోవుట నిషేధము. బంతి అందినదే తడవుగా తోటివానికి అందింపవలెను. అందించుటకు ముందే తోటివాడు ఎచ్చట నున్నాడో చూచియుండవలెను. తరగతిలో ఒక్క తెలివైన బాలునిచే సమాధానములన్నియు చెప్పించి మురిసిపోవు ఉపాధ్యాయుడు కలడు. వెనుక బల్లమీది పిల్లవాని వద్దకు ప్రశ్న చేరునట్లు చూచు ఉపాధ్యాయుడును కలడు. రహీం రెండవ కోవకు చెందినవాడు.

ఫలితము శీఘ్రముగనే కానవచ్చెను. స్వాతంత్ర్యానంతరము తొలిసారిగా 1950లో జరిగిన డ్యూరాండ్ కప్పును, కలకత్తా మోహన్ బగాన్ వంటి మహాసంఘము నోడించి, హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలుచుకొనెను. బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు తెచ్చెను. రాష్ట్రావతరణానంతరము ఆంధ్ర పోలీసు అను పేరుతో ఆడి 1961లో మరల డ్యూరాండ్ గెలిచెను. హైదరాబాదు రాష్ట్రపు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీ సాధించెను.

విజయములను చెప్పుకొనుట సులభము. పంతులు గొప్పతనము పరాజయము నాడు తెలియును. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన భారత జట్టునకు శిక్షకుడు రహీమే. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో ఆ జట్టే యుగోస్లావియా చేతిలో 10-1 గోలుల తేడాతో ఓడిపోయెను.  మనవారిలో పలువురు బూట్లు లేక ఒట్టి పాదములతో ఆడిరి. ఆ ఓటమి తరువాత ఆటగాండ్రందఱును బూట్లు ధరింపవలెనని అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య నియమము చేసెను. రహీం బూట్లతో తృప్తి పడలేదు. లోకమున ఆట ఎట్లు మారుచున్నదో పరిశీలించెను. 1953లో హంగేరీ జట్టు లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3 గోలులతో ఓడించి, చిరకాలపు గర్వమును నేలగూల్చెను. ఆ హంగేరీ వ్యూహపు కిటుకులను రహీం గ్రహించి భారత బాలురకు పాఠముగా చెప్పెను. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు వ్యూహమును మన జట్టు ఆ దశాబ్దముననే అభ్యసించెను.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆతిథ్య దేశమగు ఆస్ట్రేలియాను భారతదేశము 4-2 గోలులతో ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియా దేశీయు డొకడు ఒకే ఆటలో మూడు గోలులు చేయుట అదియే ప్రథమము. ఆ క్రీడలలో భారతదేశము నాలుగవ స్థానమును పొందెను. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం మున్నగు హైదరాబాదు బాలు రుండిరి.

వీరిలో బలరాం కథ ప్రతి ఉపాధ్యాయుడును తెలిసికొనదగినది. అతడు సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో పేదయింట పుట్టెను. బాల్యమున బూట్లు కొనుటకు శక్తి లేక, పోలీసులు పారవేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచే ఒక జత కుట్టించుకొనెను. స్థానికపు టాటలలో రహీం అతనిని చూచి హైదరాబాదు శిబిరమునకు రమ్మనెను. రమ్మనుట సులభమే, రోజును సికింద్రాబాదు నుండి వచ్చుటకు డబ్బు లేదు. రహీం బాడుగ సైకిలునకు తానే సొమ్మిచ్చి రప్పించెను. ఆ సైకిలు ఒక బాలుని సికింద్రాబాదు నుండి హైదరాబాదునకు, అచ్చటి నుండి మెల్‌బోర్నునకు చేర్చెను. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగేరీ మీదను, పెరూ మీదను భారతదేశము పక్షమున గోలులు చేసినవాడు ఆ బలరామే. 1962లో అర్జున పురస్కారమును పొందెను. 2023లో కోల్‌కతాలో కన్నుమూసెను. ఆనాడు సైకిలు బాడుగ ఇచ్చువా డొకడు లేకపోయినచో, ఈ పేరు అమ్ముగూడ దాటి ఎవరికిని తెలిసియుండెడిది కాదు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. రహీం అప్పటికే శ్వాసకోశపు వ్రణముతో బాధపడుచుండెను. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో భారతదేశము 2-0 తేడాతో ఓడెను. తరువాత థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నాంను గెలిచి తుది పోటీకి చేరగా, ఎదుట నిలిచినది మరల ఆ కొరియాయే. ఇజ్రాయెలును, తైవానును ఆ క్రీడలకు రానీయని వివాదములో భారతీయ ప్రతినిధి పలికిన పలుకులకు ఇండోనేషియా ప్రజలు కోపించియుండిరి. స్టేడియమున లక్షకు చేరువైన జనము. అందఱును భారత జట్టునకు వ్యతిరేకముగా కేకలు వేయువారే. ముఖ్యమైన వెనుక ఆటగాడు జర్నైల్ సింగ్ నెత్తి పగిలి కుట్లు పడియుండెను. వెనుక ఆడలేని అతనిని రహీం ముందు వరుసకు పంపెను. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఆ ఆటలో పి. కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగే ఒక గోలు చేసిరి. 2-1 తేడాతో భారతదేశము స్వర్ణము గెలిచెను. ఉన్న విద్యార్థులతోనే, ఉన్న లోపములతోనే తరగతిని గట్టెక్కించు నేర్పు ఇందు కానవచ్చును.

1963 జూన్ 11వ తేదీన రహీం మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినది. అదియే చివరిది, 2014లో రాష్ట్రము విడిపోవు వరకును ఆ ట్రోఫీ మరల చేతికి రాలేదు. భారత పురుషుల జట్టు 1960 తరువాత ఒలింపిక్సు ఫుట్‌బాలు చేరలేదు. 1962 తరువాత ఆసియా క్రీడలలో స్వర్ణమెఱుగదు.

ఒక్క మనిషి పోయినంతనే ఒక నగరపు ఆట పోవునా? పోదు. 1974లో ఆసియా యువజన ఫుట్‌బాలు పోటీలలో ఇరానుతో కలిసి ఉమ్మడి విజేతగా నిలిచిన భారత జట్టునకు నాయకుడు హైదరాబాదు వాడైన షబ్బీర్ అలీ. అనగా చెట్టు ఒక్కసారిగా కూలలేదు. వేళ్లు ఎండుచు వచ్చెను. పేరు తెచ్చుకొన్నవారు కలకత్తా, బొంబాయి సంఘములకు తరలిరి. ప్రభుత్వ శాఖలలో ఆటగాండ్రకు లభించు ఉద్యోగములు తగ్గెను. బస్తీల నడుమ నుండిన బయళ్లు కట్టడములయ్యెను. ప్రతి సాయంకాలము పిల్లలను పోగుచేయు పంతుళ్లు అరుదైరి. బయలు, బంతి, బడిపంతులు అను మూడింటిలో బంతి ఒక్కటే అంగడిలో దొరకునది. తక్కిన రెంటిని సమాజము తానుగా నిలుపుకొనవలెను.

ఇప్పుడు కంకిపాటికి మరల వత్తము. రెండు పంటల నేల నాడు ఆటకు చోటీయలేదు. నేడు పొలములు ఇండ్ల స్థలములగుచున్నవి. సెంటు ధర అడుగుటకే జంకవలసియున్నది. ఇక ముందు ఊరిలో పిల్లల కాళ్లకు మిగులు బయలు బహుశః బడి ఆవరణ మొక్కటే. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఉండవలసిన వసతుల పట్టికలో ఆటస్థలమును చేర్చినది. తరగతి గది, త్రాగునీరు ఎట్లో ఆటస్థలమును అట్లే. ఒక గది కట్టవలసి వచ్చినప్పుడు మొదట మైదానమునే చూపు అలవాటు మన పాఠశాలలలో కలదు. మైదానము ఖాళీ స్థలము కాదని, గోడలు లేని తరగతి గదియని తలిదండ్రులకు చెప్పవలసినవారు ఉపాధ్యాయులే.

ఎకరము డెబ్బదియారు సెంట్లు లేకున్న నేమి? ఐదుగురేసి ఆడు చిన్న ఫుట్‌బాలునకు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చాలును. అది 800 చదరపు మీటర్లు; ఇరువది సెంట్లు. ఇరువది సెంట్ల ఆవరణ గల పాఠశాలలు డెల్టాలో లేకపోలేదు. గోలు స్తంభములకు నాలుగు వెదురు బొంగులు చాలును. ఎడమకాలితో తన్నవలెనను నియమమునకును, బంతిని వెంటనే అందింపవలెనను నియమమునకును ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇది బాలుర హక్కు మాత్రమే కాదు. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళా జట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరినది. నాడు హెల్సింకీలో మనపై పది గోలులు చేసిన యుగోస్లావియాలో ఒక భాగమే ఈ క్రొయేషియా. ఆ గడ్డమీది క్లబ్బు తెలుగునాట తండా బాలికను తన పక్షమున ఆడుటకు పిలిచినది. చిన్న ఊరు చిన్న కలనే కనవలెనను నియమ మెచ్చటను లేదు.

కంకిపాటిలో గాని, ఉయ్యూరులో గాని, మరి యే డెల్టా పల్లెలో గాని రేపు ఒక ఫుట్‌బాలు సంఘము పుట్టవచ్చును. దాని చరిత్ర ఎవరైన వ్రాసినచో, మొదటి పుటలో కప్పులును, పతకములును ఉండవు. సాయంకాలము నాలుగున్నరకు బడి గంట మ్రోగిన తరువాత ఇంటికి పోక, మెడలో ఈల వేసికొని, చంకలో బంతి పెట్టుకొని మైదానములోనికి నడచిన ఒక డ్రిల్లు మాస్టారు ఉండును. ఆయన వెనుక, పుస్తకముల సంచులు చెట్టు మొదట పడవేసి పరుగెత్తివచ్చు పదిమంది పిల్ల లుందురు.